ఉమ్మడి సముద్రము - పొరుగు ధర్మము

భూమిపై మనుష్యుడు గట్టు పెట్టి "ఇది నాది" యని చెప్పుకొనగలడు. గట్టున కీవల తాను చేసిన మంచిచెడ్డలు చాలవఱకు తన పొలములోనే పండును. మన న్యాయస్థానములలోని వ్యాజ్యములును, కరణముల లెక్కలును, మన లోకనీతిలో సగభాగమును ఈ గట్టును నమ్ముకొనియే నిలిచియున్నవి. సముద్రమునకు గట్టు లేదు. పటముపై గీత గీయవచ్చును గాని ఆ గీత నీటిపై నిలువదు. గీత కావల ఒలికిన నూనె ఈవలి యొడ్డునకు వచ్చును. ఈవల గ్రుడ్లతో పట్టుబడిన చేప ఆవలివాని వలకు మఱి దొరకదు. అట్టిచోట మనుష్యుని ధర్మ మెట్టిది? "నా హద్దులో నేనున్నాను, పొరుగువాని సంగతి నాకేల?" అను మాట అక్కడ చెల్లునా? ఈ ప్రశ్న రాయబారులకును నౌకాధిపతులకును మాత్రమే సంబంధించినదని యెంచి గృహస్థులమైన మనము ఊరకుండుట కలదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారికి ఆ తాటస్థ్యము ఎంతమాత్రము తగదని చూపుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

మన ప్రాంతమునకు సముద్రము ఏనాడును గోడ కాలేదు, దారిగానే యుండెను. వంశధార సముద్రమును గలియు కళింగపట్టణము ప్రాచీనమైన రేవు. ఆ నది యొడ్డుననే సాలిహుండము కొండపై బౌద్ధుల స్తూపముల శిథిలములు నేటికిని కానవచ్చుచున్నవి. అంత దూరము పోనేల? రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము మన పల్లెలనుండి వేలకొలది కూలిజనము పొగయోడ లెక్కి బర్మాకు పోవుచుండిరి. రంగూనును మనవారు "రంగము" అనిరి. "వాడు రంగము పోయినాడు" అను మాట ఆ కాలపు ముచ్చట్లలో నేటికిని వినవచ్చును. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుటతో ఆ రాకపోకలు తెగిపోయినవి. ఓడలు తిరిగినను తిరుగకున్నను నీరు మాత్రము తిరుగుట మానలేదు.

ఈ నీటి తిరుగుడు కొంచెము వివరింపదగినది. మన తూర్పుతీరము వెంట సముద్రములో నొక ప్రవాహము కలదు. ఫిబ్రవరి మొదలు మేవఱకు అది ఈశాన్యదిశగా, అనగా మన యొడ్డునుండి ఒడిశా, వంగదేశముల వైపునకు సాగును. వర్షకాలము వెళ్లిన పిదప అక్టోబరు మొదలు డిసెంబరువఱకు అదియే వెనుకకు మఱలి, వంగదేశమునుండి మన తీరము మీదుగా సింహళమువైపు దిగును. తూర్పుతీరమున పలుచోట్ల జాలరులు సీసాలతో ముంచి యిచ్చిన సముద్రజలమును పరీక్షించి శాస్త్రజ్ఞులు 2014లో నొక సంగతి ప్రకటించిరి. వర్షకాలాంతమున గంగా బ్రహ్మపుత్రల మంచినీరు ఉప్పునీటిలో పూర్తిగా కలిసిపోక, తీరము నంటుకొని "సముద్రములో నది" వలె దక్షిణమునకు ప్రవహించుచున్నదట. కార్తికమాసమున గంగాస్నానమునకై కాశికి పోలేని మనవారి ముంగిటికి గంగయే వచ్చి పోవుచున్నదన్నమాట. కాని ఆ గంగ తనతో పుణ్యమును మాత్రమే తెచ్చునని తలపరాదు. దారిలో ఏ దేశమువారు ఏమి కలిపిరో అదియును తెచ్చును. మాఘము మొదలుకొని మన వంశధార, నాగావళులు మోసికొనివచ్చిన మురికి వారి దిక్కునకు పోవును. సంవత్సరములో కొన్ని నెలలు మనము పుచ్చుకొనువారము, కొన్ని నెలలు ఇచ్చువారము. ఇట్టి యిచ్చిపుచ్చుకొనుట యున్నచోట "నీవెవరు, నేనెవరు" అనుటకు వీలెక్కడిది?

ఐనను మానవజాతి చిరకాలము దీనికి విరుద్ధమైన భావముతోనే కాలము గడపినది. 1609లో హాలెండు దేశపు న్యాయవేత్త గ్రోషియసు "స్వేచ్ఛాసముద్రము" అను నర్థముగల పేరుతో నొక చిన్న గ్రంథము ప్రకటించెను. తూర్పుసముద్రములు తమవే యని పోర్చుగీసువారు చెప్పుకొనగా, ఆ వాదమును ఖండించి డచ్చి వర్తకసంఘమునకు దారి చేయుటయే ఆయన యుద్దేశము. ఆ సంఘమువారే ఆ శతాబ్దములోనే మన భీమునిపట్టణములో గిడ్డంగి వేసికొనిరి. గ్రోషియసు వాదమునకు మూలస్తంభ మిది: సముద్రము ఎవరును ఆక్రమింపజాలనంత విశాలమైనది, ఒకరి వాడుకచేత మఱియొకరికి కొఱత కలుగదు, కాబట్టి అది యెవరిదియును గాదు, అందఱును వాడుకొనవచ్చును. తెరచాపల కాలమునకు ఆ మాట సరిపోయినది. కొఱత కలుగని వస్తువు విషయమున తగవు ఏల? కాని ఒకరి వాడుకవలన ఇంకొకరికి కొఱత కలుగునని తేలిన నాడు ఆ స్తంభము విఱిగినట్లే. నేడది విఱిగియున్నది.

ఎట్లు విఱిగినదో చూచుటకు మన యొడ్డునకు పోయిన చాలును. శీతకాలము వచ్చెననగా మన తీరపు ఇసుకపై పెద్ద తాబేళ్లు చచ్చిపడియుండుట జాలరుల పిల్లలెల్ల ఎఱిగినదే. అవి ఆలివు రిడ్లీ యను జాతి తాబేళ్లు. మనకు ఆనుకొనియున్న గంజాము జిల్లాలో ఋషికుల్యానది ముఖద్వారమునకును, దాని కావల గహిరమథకును లక్షల సంఖ్యలో వచ్చి అవి గ్రుడ్లు పెట్టును. మన యిసుకపైనను అచ్చటచ్చట పెట్టును. ఒడిశాలో గుర్తుబిళ్లలు తగిలించి విడిచిన తాబేళ్లు సింహళ జలములలో దొరికినవి. తాబేలు నీటిలో నుండు జంతువే యైనను ఊపిరికై పైకి రావలెను. మరపడవ లాగు పెద్దవలలో చిక్కినచో పైకి రాలేక ఊపిరాడక చచ్చును. తాబేలు తప్పించుకొని పోవుటకు వలలో అమర్చు చట్రము కలదు. దానిని అమర్చుకొన్నచో కొంత చేప జాఱిపోవునని పడవవాడు సందేహించును. ఒక దేశము ఇసుకపై గ్రుడ్లకు కావలి పెట్టి, రెండవది నీటిలో తల్లిని చంపినచో ఆ కావలికి ఫలమేమి? తాబేలునకు ఋషికుల్యయును, కళింగపట్టణమును, సింహళమును ఒక్క యిల్లే. ఆ యింటికి మూడు తలుపులున్నవని మనము చెప్పుకొనుచున్నాము.

తాబేటి కథలో దోషము నలుగురిలో చీలిపోయి యెవనికిని బరువుగా తోపదు. దోషము స్పష్టముగా కంటబడిన కథ యొకటి 2021లో జరిగినది. ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అను సరకుల యోడలో నత్రికామ్లముగల పెట్టె యొకటి కారుచుండెను. దానిని దింపుకొనుడని ఓడవారు కతారులోని హమద్ రేవును, మన గుజరాతులోని హజీరా రేవును అడిగిరి. అందుకు తగిన సాధనములును నేర్పరులును తమయొద్ద లేరని ఆ రెండు రేవులును నిరాకరించెను. కారుచున్న పెట్టెతోడనే ఓడ కొలంబో చేరెను. మే 20వ తేదీన నిప్పంటుకొన్నది. మన తీరరక్షకదళపు ఓడలును పోయి మంటలార్పుటకు తోడ్పడినవి. ఐనను జూను 2వ తేదీన ఓడ మునుగజొచ్చెను. అందలి సుమారు 1,680 టన్నుల ప్లాస్టిక్కు గింజలు సముద్రము పాలై, సింహళపు పడమటితీరమంతయు మంచు కురిసినట్లు తెల్లబడెను. వందలాది తాబేళ్లు చచ్చి యొడ్డునకు కొట్టుకొనివచ్చినవి. వేలకొలది జాలరుల జీవనము నిలిచిపోయెను. 2025 జూలైలో శ్రీలంక అత్యున్నత న్యాయస్థానము వంద కోట్ల డాలర్ల నష్టపరిహారము చెల్లింపవలెనని తీర్పు చెప్పినది.

ఇందు ముఖ్యముగా విచారింపవలసినది ఆ తిరస్కారము. రేవులవారు అబద్ధమాడిరని నేననను. సాధనములు లేకపోవుట నిజమే కావచ్చును. ప్రమాదమును తన గడపనుండి పంపివేసినవాడు ప్రమాదమును తొలగించినవాడగునా? మన యిండ్లలో నొక దురాచారము కలదు. వాకిలి యూడ్చి, చెత్తను ప్రక్కయింటివారి అరుగు క్రిందికి త్రోసి, మన వాకిలి శుభ్రమైనదని సంతసింతుము. కారుచున్న పెట్టె విషయమున జరిగినది అదియే. మంటలు లేచిన పిదప ఓడలు పంపుట దయ, పెట్టె కారుచున్నదని విన్నప్పుడే "మాకు చేతకాదు, చేతనైన రేవు ఏదో మనమందఱమును కలిసి వెదకుదము" అనుట ధర్మము. దయ చూపుటకు మనస్సు చాలును. ఈ రెండవదానికి ముందుగా చేసికొన్న యేర్పాటు కావలెను. ఉమ్మడి సముద్రము విషయమున మనకు కొఱతపడినది దయ గాదని నా యభిప్రాయము, కొఱతపడినది ఏర్పాటు.

ఇక్కడ నొక యాక్షేపము రాగలదు. ఉమ్మడి వస్తువును ఎవడును కాపాడడనియు, ఎవనికి వాడు లాగుకొనుననియు లోకానుభవము. "ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినది" అని మన సామెత. 1968లో అమెరికా శాస్త్రజ్ఞుడు హార్డిను ఈ సంగతినే సిద్ధాంతముగా వ్రాసి ప్రసిద్ధి కెక్కెను. కాని గొఱ్ఱె చచ్చినది ఉమ్మడి యగుటచేతనా, మేపు వంతు ఎవరిదో నిర్ణయించుకొనకపోవుటచేతనా? ఉమ్మడి కుటుంబములో నుయ్యి ఉమ్మడియే. అది పూడిపోవుట లేదే! ఎవరెప్పుడు తోడవలెనో, బావి యొడ్డున ఏమి కడుగరాదో అందఱకు తెలిసియుండును. ఆంధ్ర తమిళనాడుల సరిహద్దునగల పులికాటు సరస్సులో జాలరులు "పాడు" అను పద్ధతిచొప్పున ఏ వల ఏ చోట ఏనాడు పడవలెనో వంతులు వేసికొని తరతరములుగా నడుపుకొనుచు వచ్చిరి. ఇట్టి యేర్పాటులను దేశదేశములలో పరిశీలించి ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషి 1990లో నొక గ్రంథము ప్రకటించినది. ఆమెకు 2009లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. ఉమ్మడిసొత్తు "ఎవరిదియు గానిది" యన్న భావము వేఱు, "మనయందఱిది" యన్న భావము వేఱు. మొదటిదానిలో వారసులే లేరు. రెండవదానిలో వారసులును గలరు, లెక్క చెప్పవలసిన పెద్దయును గలడు.

దేశముల నడుమ నిట్టి వంతు కుదురునా యనువారికి ఇటీవలి యుదాహరణ మొకటి చూపుదును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. బంగ్లాదేశములో నీ నిషేధము మే 20 మొదలు జూలై 23 వఱకు 65 దినములుండెడిది. చేపలకు తేదీలు తెలియవు గదా! వారు వలలు మడిచిన దినములలో మన పడవలు సముద్రమున నుండుటయు, మనము మడిచిన దినములలో వారివి యుండుటయు జరుగుచుండెను. తాము పస్తులుండి కాపాడిన చేపను పొరుగువాడు పట్టుకొనిపోవుచున్నాడని వారి జాలరులు మొఱపెట్టుకొనిరి. 2025లో బంగ్లాదేశ ప్రభుత్వము తమ నిషేధమును ఏప్రిలు 15 మొదలు జూను 11 వఱకు, అనగా 58 దినములుగా మార్చి, మన కాలముతో చాలవఱకు కలిపినది. ఆ కాలమున రెండు ప్రభుత్వముల నడుమ స్నేహము వెల్లివిరియుచుండెనని యెవరును చెప్పజాలరు. ఐనను ఒక పంచాంగము కలిసినది. దానివలన మేలుపొందువారు ఉభయదేశముల జాలరులు.

ఈ యుదాహరణము రెండవ యాక్షేపమునకు దారితీయుచున్నది. "నమ్మకము లేని పొరుగువానితో కలిసి ధర్మమెట్లు నడుపగలము? మొదట స్నేహము కుదురనిండు" అని కొందఱందురు. 1970 నవంబరులో వచ్చిన తుపానులో నాటి తూర్పు పాకిస్తానమున మూడు లక్షలకు తక్కువగాక జనము నశించిరి. మఱుసటి యేట డిసెంబరులో మనకును పాకిస్తానుకును యుద్ధము జరిగెను. ఆ పిమ్మట 1972లోనే బంగాళాఖాతము, అరేబియాసముద్రముల తుపానులకై ప్రపంచ వాతావరణ సంస్థ పక్షమున దేశముల సమితి యొకటి యేర్పడెను. కాలక్రమమున ఇండియా, పాకిస్తాను, బంగ్లాదేశము, బర్మా, సింహళము, థాయిలాండు, మాల్దీవులు, ఒమాను అందు ఒక్క బల్ల యొద్ద కూర్చుండినవి. తుపాను పుట్టినప్పుడు ఢిల్లీలోని వాతావరణకేంద్రము పంపు వార్త ఈ దేశములన్నిటికిని పోవును. ఆ యేడు సరిహద్దున తుపాకులు మ్రోగినను మ్రోగకున్నను వార్త ఆగదు. 2004 మొదలు తుపానులకు పేరులు పెట్టు వాడుకయు వచ్చినది. ఎనిమిది దేశములును ఎనిమిదేసి పేరులిచ్చెను. 2013లో మన తీరమును వణికించిన ఫైలిను థాయిలాండువా రిచ్చిన పేరు. 2014లో విశాఖపట్టణమును ఛిన్నాభిన్నము చేసిన హుద్‌హుద్ ఒమానువా రిచ్చినది. 1999లో ఒడిశాను ముంచిన మహావాతమున సుమారు పదివేలమంది చనిపోగా, 2013లో లక్షలాది జనమును ముందుగా తరలించుటచేత ఫైలినులో మృతుల సంఖ్య నూఱులోపుననే నిలిచెను. సకాలమున వార్త చేరుటయు, దానిని నమ్మి కదలుటయు ఎంత పనిచేయునో దీనివలన తెలియును.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాసకు సమీపమున తీరము దాటిన తుపాను పేరు తిత్లీ. సీతాకోకచిలుక యని దాని యర్థము. ఉద్దానమునందలి కొబ్బరితోటలను, జీడితోటలను అది ఒక్క పూటలో నేలగూల్చెను. కొబ్బరిచెట్టు మరల కాపునకు వచ్చుటకు ఎన్నేండ్లు పట్టునో ఆ ప్రాంతమువారిని అడుగవలెను. ఆ తిత్లీ పేరును ఇచ్చినది పాకిస్తాను. ఆ సంవత్సరము చివరనే గుజరాతులోని వేరావలు రేవునకు కూలికి పోయి పడవలెక్కిన మన జిల్లాల జాలరులు, హద్దు దాటిరని పాకిస్తానువారిచే పట్టుబడి కరాచీ చెఱసాలలో పడిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరి 6వ తేదీన వాఘా సరిహద్దున విడుదలయైరి. ఉద్దానమును కూల్చిన గాలికి పేరు పెట్టుటలో మనతో కలిసిన దేశము, అదే జిల్లా కూలివానిని నీటిపై కనబడని గీత దాటినందుకు సంవత్సరమునకు పైగా బంధించినది. మనము నిర్దోషులమని చెప్పుకొనుటకును వీలులేదు. పాకిస్తాను జాలరులు మన చెఱసాలలలోను మ్రగ్గుచునే యున్నారు. 2008లో చేసికొన్న యొడంబడికచొప్పున ఏటేట జనవరి 1న, జూలై 1న ఉభయదేశములును ఈ బందీల జాబితాలు మార్చుకొనుచుండును. 2025 అక్టోబరులో విజయనగరము జిల్లా జాలరులు కొందఱు బంగ్లాదేశ జలములలో పట్టుబడిరి. భూగోళపటము చూపి పాఠము చెప్పునప్పుడు "ఆ చుక్కల గీత నీటిలో ఎట్లు కనబడునండీ?" యని పిల్లలు అడుగుదురు. చిన్నపిల్లల ప్రశ్నయే గాని, పెద్దల చట్టములు దానికి తిన్నగా సమాధానము చెప్పుట లేదు.

చట్టములలో మాట లేదని కాదు. 1982నాటి సముద్రన్యాయ మహాసమయమునందు, దేశములకు గల ప్రత్యేక ఆర్థికమండలములో చేపలవేట నియమములు తప్పినవారికి, దేశములు వేఱుగా నొడంబడిక చేసికొనని పక్షమున, కారాగారశిక్ష విధింపరాదని యున్నది. ఇండియా, పాకిస్తాను, బంగ్లాదేశము మూడును దానికి సమ్మతించినవే. అంతకన్న ఎంతో పూర్వము మన నేలపైననే యొక రాజు ఈ ధర్మమును రాతిపై చెక్కించినాడు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమది. పెనుగాలికి చిక్కి దిక్కుతప్పి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునంతయు పూర్వపురాజులు దోచుకొనుచుండగా, తాను నిర్ణయించిన సుంకము తప్ప వేఱేమియు పుచ్చుకొననని ఆతడు సముద్రవర్తకులకు అభయమిచ్చెను. అభయమిచ్చుటచేత రేవునకు వర్తకము పెరుగునని ఆతడెఱుగకపోలేదు. ధర్మము లాభమునకు తోడగుట తప్పు గాదు. కాని గమనింపవలసినది: తనవాడెవడు, పరాయివాడెవడు అని అడుగక, గాలికి కొట్టుకొనివచ్చినవాడా కాదా యని మాత్రమే ఆతడు చూచెను.

పొరుగుధర్మమునకు ముందు స్నేహము కావలెననువారికి నా సమాధానము దీనినుండియే వచ్చుచున్నది. ఇల్లంటుకొన్నప్పుడు ప్రక్కయింటివానితో వ్యాజ్యము నడచుచున్నదని మనము నీళ్లు మోయుట మానము. వ్యాజ్యము కోర్టులో నుండును, మంట చూరుమీద నుండును. ఆ రెండింటిని కలిపి చూచువాడు రెండిండ్లను పోగొట్టుకొనును. నీళ్లు మోసినంతమాత్రమున గట్టు తగవు తీఱిపోవునని నేను చెప్పుట లేదు, తీఱకపోవచ్చును. మనకును బంగ్లాదేశమునకును సముద్రపు హద్దు తగవు 2014 జూలైలో మధ్యవర్తుల తీర్పుతో తీఱినది. పాకిస్తానుతో సర్ క్రీక్ తగవు తీఱలేదు. తీఱినచోటను తీఱనిచోటను ప్రమాదమునకు కాపుండు బాధ్యత సమానమే. మనకును బంగ్లాదేశమునకును నడుమ గంగాముఖమున ఒక చిన్న దీవికై ఎన్నో యేండ్లు తగవు సాగెను. మనవారు దానిని న్యూ మూర్ అనిరి, వారు దక్షిణ తల్పట్టి యనిరి. అది పూర్తిగా నీట మునిగిపోయినదని 2010లో శాస్త్రజ్ఞులు చెప్పిరి. ఉభయులలో నెవరికిని అది దక్కలేదు.

ముందుగా ఏర్పాటు లేకపోయిన ఏమగునో 2004 డిసెంబరు 26వ తేదీ చూపినది. సుమాత్రా దాపున సముద్రగర్భమున భూమి కంపించిన రెండు గంటల పిమ్మటగాని ఉప్పెన మన తూర్పుతీరమునకు రాలేదు. రెండు గంటలలో ఒడ్డునున్నవాడు నడచియైనను మిట్టకు చేరవచ్చును. కాని హిందూమహాసముద్రమునకు సునామీ హెచ్చరిక చేయు వ్యవస్థయే నాడు లేదు. అన్ని దేశములలో కలిసి రెండు లక్షలకు పైగా జనము పోయిరి. ఆ పిమ్మట 2007లో హైదరాబాదులోని సముద్రసమాచార కేంద్రమున హెచ్చరికస్థానము నెలకొల్పబడినది. ఆస్ట్రేలియా, ఇండోనేషియాల కేంద్రములతోపాటు అది 2011 మొదలు హిందూమహాసముద్రతీర దేశములకును వార్త పంపుచున్నది. సముద్రము కనబడని తెలుగు నగరమున రాత్రింబవళ్లు మేలుకొనియుండువారు మనకు పేరైన తెలియని దూరదేశపు రేవులవారికి కూడ కావలి కాయుచున్నారు. ఈ పని మన పాఠ్యపుస్తకములలో పానిపట్టు యుద్ధములకున్నంత చోటునకు తగదా?

ఇక మూడవ యాక్షేపము. "మనవి పేద దేశములు, కడుపు నిండిన పిదప తాబేళ్లను, నీటిని కాపాడుకొందము" అని. పేదవాని పేరు చెప్పి పేదవానికే కీడుచేయుట లోకములో క్రొత్త కాదు. సముద్రము చెడినప్పుడు మొట్టమొదట పస్తుండువాడు ఎవడు? 2014 డిసెంబరు 9వ తేదీన బంగ్లాదేశపు సుందరవనములలో షేలా నదిపై నూనెయోడ మునిగి మూడున్నర లక్షల లీటర్ల నూనె ఒలికినది. దానిని ఎత్తిపోసినవారు ఆ తీరపు పల్లెజనము. కుండలతోను గిన్నెలతోను, వట్టి చేతులతోను ఎత్తిరి. నూనె యజమానుడు మోకాలిలోతు బురదలో దిగలేదు. మన తీరమున చేప తగ్గుటచేతనే గదా మన జాలరి వేరావలునకు కూలికి పోయినది! రేవుల లేమియు, అప్పులును గూడ వారిని తఱుముచున్నవి. ఐనను ముంగిట చేప పుష్కలముగా నున్నవాడు వేల మైళ్లు పోయి పరాయి పడవ ఎక్కునా? పొరుగు ధర్మము తప్పిన ఫలము ఈ విధముగా చుట్టు తిరిగి చెఱసాల తలుపువఱకు పోవుచున్నది.

దక్షిణాసియా సముద్రముల రక్షణకై ఇండియా, బంగ్లాదేశము, పాకిస్తాను, సింహళము, మాల్దీవులు 1995లోనే ఢిల్లీలో కూడి యొక కార్యప్రణాళికను అంగీకరించినవి. నూనె యొలికినప్పుడు ఒకరికొకరు తోడ్పడవలెనను నొడంబడికయు వ్రాసికొనినవి. కాగితము కొఱతపడలేదు. కాగితమును అడుగు ప్రజలు కొఱతపడిరి. మన పట్టణములలో ఎన్నికల సభలు జరుగును. రోడ్లను గూర్చి, బియ్యమును గూర్చి అడుగువారుందురు. "కారుచున్న పెట్టెతో ఓడ వచ్చినచో విశాఖపట్టణపు రేవు ఏమి చేయును? కొలంబోకు పంపునా, చిట్టగాంగునకు పంపునా?" యని అడిగినవాడు కలడా? అడుగువారు లేని ధర్మము దస్త్రములలోనే వృద్ధాప్యము పొందును.

చదువరులలో కొందఱు సముద్రమునకు పది ఆమడల దూరమున నుందురు. పార్వతీపురమున నాగావళిలోనికి విడిచిన మురికి శ్రీకాకుళపు వంతెనక్రిందుగా పోయి సముద్రము చేరుటకు ఎవరి సెలవును అడుగదు. ఇంటిలోని చెత్తసంచిని కాలువలో వేయు చేయి, హజీరాలో "మాకు వద్దు" అన్న మాట, రెండును ఒక్క మనస్సునుండియే పుట్టినవి: కంటికి కనబడనిచోట జరిగినదానికి నేను కర్తను గాను అను మనస్సు. మన స్త్రీలు ఇంటిముంగిటితోపాటు వీధి సగమును ఊడ్చి కల్లాపి చల్లుదురు. వీధి తమదని వారెన్నడును దావా వేయలేదు. ఎదుటియింటివారు తక్కిన సగమును ఊడ్చునంతవఱకు ఆగుదమనియు అనుకొనలేదు. ఆ వాడుకలో నున్న నీతియే దేశముల నడుమ కావలసినది. దానిని పిల్లలకు చెప్పునప్పుడు మన తీరపు జాలరిని గూర్చియు, ఆవలి తీరపు జాలరిని గూర్చియు ఒక్క నోటనే చెప్పవలెను. సంతలో చేప కొనునప్పుడు నిషేధదినములలో పట్టిన చేపయా యని అడుగవలెను. మన ప్రతినిధిని, చెఱలోని మనవారు ఎప్పుడు వత్తురని అడిగిన నోటితోనే, మన చెఱలోని పొరుగువారు ఎప్పుడు పోవుదురనియు అడుగవలెను. రెండవ ప్రశ్న అడుగుటకు మొదట కొంచెము జంకు కలుగును. ఆ జంకు తీఱిననాడు మనకు సముద్రపు పొరుగు కుదిరినదని చెప్పుకొనవచ్చును.